దొంగకు సందివ్వని అలవాట్లు: ఇల్లు, ఫోన్, వీధి భద్రతకు సమగ్ర మార్గదర్శి

1980లో పశ్చిమ జర్మనీలో హెల్మెట్ లేకుండా మోటార్‌సైకిల్ నడిపేవాళ్లకు అక్కడికక్కడే జరిమానా వేయడం మొదలుపెట్టారు. తలలు పగలకూడదన్నదే ప్రభుత్వం ఉద్దేశం. కానీ ఎవరూ లెక్కలో వేసుకోని ఫలితం ఇంకొకటి వచ్చింది. అప్పటిదాకా ఏడాదికి లక్షన్నర దరిదాపుల్లో ఉన్న మోటార్‌సైకిల్ దొంగతనాలు 1986 నాటికి సుమారు మూడో వంతుకు పడిపోయాయి. కారణం చాలా మామూలుది. దారిలో కనబడ్డ బండెక్కి ఉడాయించేవాడి చేతిలో హెల్మెట్ ఉండదు. అది లేకుండా బయల్దేరితే మొదటి కూడలిలోనే పోలీసు ఆపుతాడు. పోనీ వాళ్లంతా కార్లమీద పడ్డారా అంటే, కార్ల దొంగతనాలు ఆ స్థాయిలో పెరగనే లేదు.

భద్రత గురించి ఎక్కడ మాట్లాడాల్సి వచ్చినా నేను ఈ ఉదాహరణతోనే మొదలుపెడతాను. నెలల తరబడి పథకం వేసి వచ్చే దొంగలు తక్కువ. సందు దొరికింది కాబట్టి చెయ్యి పెట్టేవాళ్లే ఎక్కువ. 1979లో లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఇదే విషయాన్ని సూత్రంగా చెప్పారు. నేరం జరగాలంటే మూడు ఒక్కచోట కలవాలి: చేయడానికి సిద్ధపడ్డ మనిషి, అందుబాటులో ఉన్న వస్తువు, అడ్డుకునేవాళ్లు లేకపోవడం. మొదటిది మన చేతిలో లేదు. మిగతా రెండింటినీ చాలావరకు మనం మార్చగలం.

అలాగని ఇరవైనాలుగు గంటలూ భయంభయంగా తిరగమని కాదు. భయం నాలుగు రోజులుంటుంది, తర్వాత విసుగొచ్చి అన్నీ వదిలేస్తాం. ఒకసారి చేసి మరిచిపోగలిగిన పనులు కొన్ని, చేతికి అలవాటైపోయే పనులు కొన్ని ఉంటే చాలు. ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఇందులో ఏదో ఒకటి చేయకపోవడం వల్ల ఎవరికైనా నష్టం జరిగితే తప్పు వాళ్లది కాదు. తప్పెప్పుడూ దొంగదే.

మెట్టు 1: మీ ఇంటిని పరాయివాడిలా చూడండి

ఒక అరగంట కేటాయించండి. తాళం వేసి బయటికి వచ్చి, తాళంచెవి పోగొట్టుకున్నామనుకుని, ఏదీ పగలగొట్టకుండా లోపలికి ఎలా వెళ్లొచ్చో చూడండి. మీకు తట్టిన మొదటి దారే దొంగకూ తడుతుంది. వీధిలోంచి కనబడని కిటికీ ఏది? గోడ పక్కన పడేసిన నిచ్చెన పై అంతస్తు బాల్కనీకి అందుతుందా? గుబురుగా పెరిగిన మొక్కల వెనక మనిషి నిలబడితే ఎవరికైనా కనబడతాడా? కిటికీలోంచి చూస్తే టేబుల్ మీద ల్యాప్‌టాప్ కనబడుతోందా? చీకటి పడ్డాక ఇంకోసారి ఇలాగే చూడండి. పగలు కనబడనివి రాత్రి కనబడతాయి.

కాళ్లు తుడుచుకునే పట్టా కింద, పూలకుండీలో, ద్వారబంధం మీద దాచే తాళంచెవి గురించి ఒక్క మాట. ఆ చోట్లన్నీ దొంగకు కంఠతా వచ్చు. రెండో తాళంచెవి నమ్మకమైన ఇరుగుపొరుగు దగ్గర ఉంచండి.

మెట్టు 2: తలుపును గట్టి చేయండి

ఖరీదైన తాళం కొని నిశ్చింతగా ఉండేవాళ్లు చాలామంది. కానీ తలుపును కాలితో తన్నినప్పుడు విరిగేది సాధారణంగా తాళం కాదు, తాళం గడియ వెళ్లి కూర్చునే ద్వారబంధం. ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని మీ తలుపు దగ్గరికి వెళ్లండి. ద్వారబంధానికి ఒక చిన్న లోహపు పలక ఉంటుంది, గడియ దాని రంధ్రంలోకే వెళ్తుంది. ఆ పలకకున్న స్క్రూలలో ఒకటి విప్పి చూడండి. చాలా ఇళ్లలో అది బొటనవేలి గోరంత పొడవే ఉంటుంది. అంటే మీ గట్టి తాళమంతా రెండు పొట్టి స్క్రూలు, పలచటి చెక్క పెచ్చు మీద ఆధారపడి ఉందన్నమాట. వాటి స్థానంలో 75 మిల్లీమీటర్ల స్క్రూలు బిగిస్తే అవి ద్వారబంధాన్ని దాటి వెనకున్న దిట్టమైన చెక్కలోకి దిగుతాయి. పలకను కూడా మందపాటిదిగా, పొడవాటిదిగా మార్చగలిగితే ఇంకా మంచిది. తలుపు బందులకూ ఇదే వైద్యం. గోడ ఇటుకదో కాంక్రీటుదో అయితే దానికి తగిన యాంకర్లు వేరే ఉంటాయి, వడ్రంగిని అడగండి. ఖర్చు దాదాపు ఉండదు, పని గంటలో అయిపోతుంది.

గడియ విషయానికొస్తే, తలుపు మూయగానే టక్కున పడే స్ప్రింగ్ గడియ ఒక్కటే ఉంటే ప్లాస్టిక్ కార్డు ముక్కతో వెనక్కి నెట్టే వీలుంటుంది. బయటినుంచి తాళంచెవో, లోపలినుంచి పిడో తిప్పితేనే బయటికి వచ్చే డెడ్‌బోల్ట్ ఉండాలి. అది కనీసం 25 మిల్లీమీటర్లు ముందుకు రావాలి. తలుపు లోపల బోలుగా ఉంటే ఎన్ని తాళాలు వేసినా లాభం లేదు, తలుపే మార్చాలి.

తలుపుకి పక్కనే అద్దం ఉన్నవాళ్లకు ఒక చిక్కుంది. అద్దం పగలగొట్టి, చెయ్యి లోపలికి పెట్టి గడియ తీస్తారేమోనని లోపల కూడా తాళంచెవితోనే తెరిచే తాళం పెట్టించుకుంటారు. నిప్పంటుకున్నప్పుడు అదే ప్రాణాల మీదికి తెస్తుంది. పొగలో తాళంచెవి వెతుక్కోవడం ఎవరి తరమూ కాదు. బయటికి వెళ్లే దారి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలి. అద్దానికి గట్టి ఫిల్మ్ అంటించడమో, గ్రిల్ పెట్టించడమో అంతకంటే మేలు. ఆ గ్రిల్ కూడా పడకగది కిటికీకి పెడుతుంటే లోపలినుంచి సులువుగా తెరుచుకునేది చూసుకోండి.

జరిపే తలుపులకు, జరిపే కిటికీలకు కింద పట్టాలో సరిపోయే కర్ర ఒకటి అడ్డంగా పెడితే చాలు. అద్దె ఇంట్లోకి మారినప్పుడు యజమానిని అడిగి తాళం సిలిండర్ (తాళంచెవి దూర్చే భాగం) మార్పించుకోండి. పాతవాళ్లు ఎన్ని నకళ్లు తీయించారో, అవి ఎవరెవరి దగ్గర ఉన్నాయో ఎవరికీ తెలియదు.

ఇంత చేసినా తలుపుకి గడియ పెట్టకపోతే అంతా వృథా. ఇంట్లో ఉన్నప్పుడు, పెరట్లో పని చేసుకుంటున్నప్పుడు, "రెండు నిమిషాల్లో వచ్చేస్తాగా" అనుకున్నప్పుడు తెరిచి ఉన్న తలుపులోంచి నేరుగా నడిచి వెళ్లేవాళ్లు తక్కువేమీ కాదు. రాత్రి ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టే పనికి ముందు తలుపులు చూసే పనిని జత చేయండి. రోజూ చేసే పని వెనకాలే కొత్తదీ అలవాటవుతుంది.

సీసీ కెమెరాల గురించి అందరూ ముందు అడుగుతారు, నేను చివర చెబుతాను. కెమెరా ఒక్కదాన్నే నమ్ముకుంటే దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టే. జరిగింది చూపిస్తుంది, చాలాసార్లు జరగకుండా ఆపదు. తలుపు గట్టిపడ్డాక, మనిషి కదిలితే వెలిగే లైటు పెట్టాక, అప్పుడు కెమెరా పెట్టండి. దానితో వచ్చిన పాస్‌వర్డ్ మాత్రం ఆరోజే మార్చండి. లేకపోతే మీ ఇంట్లోకి మీరే పరాయివాళ్లకు కిటికీ తెరిచినట్టు.

ఊరెళ్లేటప్పుడు

ఖాళీ ఇల్లు ఖాళీగా కనబడకూడదు. గుమ్మం ముందు పేపర్లు, పార్శిళ్లు పోగుపడకుండా పక్కవాళ్లకు చెప్పండి. రెండు మూడు గదుల్లో లైట్లకు టైమర్ పెట్టి, వేర్వేరు వేళల్లో వెలిగేలా చూడండి. పగలూ రాత్రీ ఒకే లైటు వెలుగుతుంటే ఇంట్లో ఎవరూ లేరని చాటింపు వేసినట్టే. ప్రయాణం ఫొటోలు తిరిగొచ్చాక పెట్టుకోండి, అందం ఎక్కడికీ పోదు.

ఇళ్లలో దొంగతనాలు చేసి పట్టుబడ్డవాళ్లను పరిశోధకులు కూర్చోబెట్టి అడిగినప్పుడు తరచుగా విన్నది, లోపలికి వెళ్లగానే ముందు పెద్ద పడకగదికే వెళ్తామని. నగలు, నగదు అక్కడి బీరువాలోనో పరుపు కిందో ఉంటాయని వాళ్లకు తెలుసు. విలువైనవి ఇంట్లో ఉంచక తప్పకపోతే ఆ గది తప్ప ఇంకెక్కడైనా ఉంచండి. నగలకు ఫొటోలు, పరికరాల సీరియల్ నంబర్లు, ముఖ్యమైన కాగితాల స్కాన్‌లు ఇంటి బయట ఒకచోట భద్రపరచండి.

తలుపు కొట్టి "మీటర్ చూడాలి", "ఆఫీసు నుంచి వచ్చాం" అనేవాళ్ల దగ్గర కార్డు ఉంటే సరిపోదు, కార్డు ఎవరైనా ముద్రించుకోవచ్చు. తలుపు తీయకుండానే ఆ సంస్థకు మీరే ఫోన్ చేయండి. వాళ్లిచ్చిన నంబర్‌కు కాదు, బిల్లు మీదున్న నంబర్‌కు. నిజంగా పనిమీద వచ్చినవాడు ఐదు నిమిషాలు నిలబడతాడు. ఇద్దరు వచ్చినప్పుడు ఒకడు మాటల్లో పెడుతుంటే రెండోవాడు ఎక్కడున్నాడో చూసుకోండి.

మెట్టు 3: ఫోన్ మీద ఒక గంట వెచ్చించండి

ఇంటికి పడే కన్నం కంటే ఫోన్‌కు పడే కన్నమే ఇప్పుడు లోతైనది. ఫోన్ పోతే పోయేది ఫోన్ ఒక్కటే కాదు. బ్యాంకు యాప్, మెయిల్, ఓటీపీలు వచ్చే సిమ్, అన్నీ ఒక్క పిన్ వెనకాలే ఉన్నాయి. అందుకే కొందరు దొంగలు ముందు మీ భుజం మీదుగా ఆ పిన్ చూస్తారు, తర్వాతే ఫోన్ లాక్కుంటారు.

నలుగురిలో ఉన్నప్పుడు వేలిముద్రతోనో ముఖంతోనో తెరవండి. పిన్ కొట్టాల్సి వస్తే రెండో చేత్తో కప్పండి. నాలుగంకెలు చాలవు, కనీసం ఆరు పెట్టండి. పుట్టిన సంవత్సరం, 123456 వద్దు. బ్యాంకు యాప్‌కు ఇదే పిన్ మళ్లీ పెట్టకండి. ఐఫోన్ ఉన్నవాళ్లు సెట్టింగ్స్‌లో స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్ ఆన్ అయి ఉందో లేదో చూడండి. 2024 జనవరిలో ఐఓఎస్ 17.3తో వచ్చిన ఈ సదుపాయం ఉంటే, పిన్ తెలిసిన దొంగ కూడా బయటి ప్రదేశంలో మీ ఖాతా పాస్‌వర్డ్‌ను వెంటనే మార్చలేడు. ఆండ్రాయిడ్‌లో అదే ఏడాది థెఫ్ట్ డిటెక్షన్ లాక్ వచ్చింది. చేతిలోంచి లాక్కుని పరుగెత్తిన కదలికను పసిగట్టి స్క్రీన్‌ను లాక్ చేస్తుంది.

తర్వాత లాక్ స్క్రీన్. ఫోన్ తెరవకుండానే మెసేజ్‌లు చదవగలిగితే ఓటీపీలు కూడా చదవొచ్చు. నోటిఫికేషన్లలో విషయం కనబడకుండా దాచండి. అయినా సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేస్తే ఓటీపీలు దానికి వస్తాయి, కాబట్టి సిమ్‌కు కూడా పిన్ పెట్టండి. దీన్ని చాలామంది పట్టించుకోరు. పెట్టే ముందు మీ నెట్‌వర్క్ వాళ్లిచ్చిన మొదటి పిన్ ఏమిటో కనుక్కోండి, ఊహించి కొట్టకండి. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ లాకైపోయి, పీయూకే అనే ఇంకో కోడ్ అడుగుతుంది.

ఇప్పుడు *#06# డయల్ చేసి, వచ్చిన 15 అంకెల ఐఎంఈఐ నంబర్‌ను (ఒక్కో ఫోన్‌కు ఒక్కోటి ఉండే గుర్తింపు సంఖ్య) కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి. పోయిన ఫోన్‌ను వెతికే సదుపాయం ఆన్ చేసి, ఇంట్లోవాళ్ల ఫోన్‌లోంచి ఎలా వాడాలో ఒకసారి ప్రయత్నించి చూడండి. గ్యాలరీలో కార్డుల ఫొటోలు, నోట్స్‌లో పాస్‌వర్డ్‌లు ఉంటే తీసేయండి.

మెయిల్ ఖాతా మీద అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టండి. మిగతా ఖాతాల పాస్‌వర్డ్‌లు మార్చుకునే లింకులన్నీ వచ్చేది అక్కడికే. దానికి ఇంకెక్కడా వాడని పొడవైన పాస్‌వర్డ్ పెట్టి, పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ కూడా అడిగే రెండో దశ ధృవీకరణ ఆన్ చేయండి. వీలైతే ఎస్ఎంఎస్ బదులు, ఆ కోడ్‌ను ఫోన్‌లోనే తయారుచేసే ఆథెంటికేటర్ యాప్ వాడండి. మీ నంబర్‌ను మోసంతో తమ సిమ్ మీదికి మార్పించుకునేవాళ్లున్నారు. ప్రతి మూడు నెలలకూ పాస్‌వర్డ్ మార్చాలన్న పాత సలహాను మాత్రం వదిలేయొచ్చు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2017లోనే ఆ సలహాను పక్కన పెట్టింది. మార్చమని ఒత్తిడి చేస్తే జనం చివర ఒక అంకె మార్చి ఊరుకుంటారు. పొడవు ముఖ్యం, ఒక్కో ఖాతాకు ఒక్కోటి ఉండటం ముఖ్యం.

మెట్టు 4: ఫోన్ మోగినప్పుడు ఏమనాలో ముందే అనుకోండి

మోసం కాల్ ఎలా నడుస్తుందో చూడండి.

"బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామండి. మీ ఖాతాలోంచి ఇప్పుడే పెద్ద మొత్తం బయటికి వెళ్తోంది, మీరే పంపుతున్నారా?"

"లేదండీ! నేనేం పంపలేదు."

"అదే అనుమానంతో చేశాం. కంగారు పడకండి, ఆపేద్దాం. ఇప్పుడు మీకొక నంబర్ వస్తుంది, అది చెప్పండి. లైన్ మాత్రం కట్ చేయకండి, కట్ అయితే డబ్బు వెళ్లిపోతుంది. ఇంట్లో ఎవరికీ చెప్పకండి, విచారణ జరుగుతోంది."

మొదట భయం పెట్టాడు. వెంటనే ఆదుకునేవాడిగా మారాడు. లైన్ కట్ చేయొద్దని ఆలోచించే వ్యవధి తీసేశాడు. ఎవరికీ చెప్పొద్దని, అడ్డుచెప్పే మనిషినీ తీసేశాడు. వేషం బ్యాంకుదైనా, పోలీసుదైనా, కొరియర్‌దైనా తొందర, రహస్యం, భయం అనే ఈ మూడూ కలిసి వస్తాయి. మాటల్లో నిజానిజాలు తేల్చుకోవాలని చూడకండి. వాళ్లు రోజంతా చేసేది అదే పని, మీరు వాదించి గెలవలేరు.

ఒక్క వాక్యం బట్టీ పట్టండి: "ఈ పనులు నేను ఫోన్‌లో చేయను, నేనే బ్యాంకుకు ఫోన్ చేస్తాను." చెప్పేసి పెట్టేయండి. జవాబు వినక్కర్లేదు. తర్వాత కార్డు వెనక ముద్రించిన నంబర్‌కు మీరే చేయండి. స్క్రీన్ మీద బ్యాంకు పేరు కనబడిందని నమ్మకండి, కనబడే నంబర్‌ను ఎలా కావాలంటే అలా మార్చొచ్చు. మీ స్క్రీన్‌ను వాళ్లకు చూపించే యాప్ ఏదైనా వేసుకోమంటే అక్కడితో ఆపేయండి. డబ్బు రావడానికి పిన్ కొట్టమంటే, అది రావడానికి కాదు, పోవడానికి.

ఇప్పుడు గొంతును కూడా నకలు చేస్తున్నారు. కొడుకు గొంతుతో "యాక్సిడెంట్ అయింది, డబ్బు పంపు" అని ఏడుపు వినిపిస్తే నిలకడగా ఆలోచించడం ఎవరికీ సాధ్యం కాదు. అందుకే ఇంట్లో అందరూ కలిసి ఒక గుర్తు మాట పెట్టుకోండి. సోషల్ మీడియాలో దొరకని మాట అయి ఉండాలి. పెద్దవాళ్లతో ఇది మాట్లాడేటప్పుడు "నీకు తెలీదు" అన్న ధోరణి వద్దు. రేపు నిజంగా మోసపోతే, తిడతారన్న భయంతో మీకు చెప్పకుండా దాచేస్తారు.

మెట్టు 5: వీధిలో

జేబుదొంగకు కావలసింది ఒరుసుకునే గుంపు: బస్సు ఎక్కే తలుపు, ఎస్కలేటర్ పైమెట్టు, టికెట్ గేటు. ఎవరో మీద కాఫీ ఒలికించి తుడవడానికి వస్తారు, ఎవరో కాగితం ముఖం ముందు పెట్టి సంతకం అడుగుతారు. ఎవరైనా ఉన్నట్టుండి మీ దృష్టి లాగితే ముందు మీ చెయ్యి బ్యాగు మీదికి వెళ్లాలి, తర్వాతే మాట. డబ్బు, కార్డులు అన్నీ ఒకే పర్సులో ఉంచకండి.

ఫోన్ చూస్తూ రోడ్డు అంచున నిలబడటం మానండి. చూడాల్సి వస్తే గోడకు వీపు ఆనించి నిలబడి చూడండి. బ్యాగు రోడ్డు వైపు కాకుండా లోపలివైపు భుజానికి ఉండాలి. రెండు చెవులూ ఇయర్‌ఫోన్లతో మూసుకోకండి, ఒకటి చాలు. ఎవరైనా బ్యాగు పట్టి లాగితే వదిలేయండి. బండి మీద వచ్చినవాడు లాగుతుంటే పట్టుకుని వేలాడితే పోయేది బ్యాగు కాదు, మీ మోచేయో తలో. కత్తి చూపించి అడిగినా అంతే, ఇచ్చేసి దూరం జరగండి. ఆత్మరక్షణకని కత్తి వెంట పెట్టుకు తిరగమనే సలహా నాకు నచ్చదు. పెనుగులాటలో అది ఎవరి చేతికి పోతుందో చెప్పలేం, చాలాచోట్ల అది చట్టవిరుద్ధం కూడా.

వెనక ఎవరో వస్తున్నట్టు అనిపిస్తే రోడ్డు దాటండి. అతనూ దాటితే తిరిగి ఇవతలికి రండి. అప్పటికీ వెంటే ఉంటే ఇంటికి మాత్రం వెళ్లకండి, మీ ఇల్లెక్కడో చూపించినట్టవుతుంది. వెలుతురు, మనుషులు ఉన్న దుకాణంలోకి వెళ్లి ఫోన్ చేయండి. పొరబాటే అయినా పోయేదేమీ లేదు. లిఫ్టులో ఉన్న మనిషిని చూసి మనసు ఒప్పకపోతే ఎక్కకండి. మర్యాద కోసం ఎక్కాల్సిన పని లేదు.

సాయం పిలవడానికీ ఒక పద్ధతుంది. 1968లో జాన్ డార్లీ, బిబ్ లటానే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగంలో, పక్క గదిలో ఎవరికో మూర్ఛ వస్తున్నట్టు వినిపించారు. వింటున్నది తానొక్కడే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది సాయానికి కదిలారు. తనతోపాటు ఇంకో నలుగురు వింటున్నారని అనుకున్నవాళ్లలో కదిలింది 31 శాతమే. కాబట్టి గుంపులో "కాపాడండి" అని అందరినీ కలిపి అరవడంతో ఆగకండి. ఒక్కరి కళ్లలోకి చూసి, వేలు పెట్టి చూపించి, "నీలం చొక్కా, మీరే, పోలీసులకు ఫోన్ చేయండి" అనండి.

ఎమర్జెన్సీ నంబర్ అందరికీ తెలిసి ఉండాలి. మొబైల్ నెట్‌వర్క్‌ల అంతర్జాతీయ ప్రమాణమైన జీఎస్ఎం ప్రకారం మొబైల్ ఫోన్లు 112ను అత్యవసర నంబర్‌గానే గుర్తిస్తాయి, చాలా దేశాల్లో పనిచేస్తుంది. చాలా ఫోన్లలో పవర్ బటన్‌ను వరుసగా ఐదుసార్లు నొక్కితే ఎస్ఓఎస్ (అత్యవసర పిలుపు) వెళ్తుంది. మీ ఫోన్‌లో అది ఎలా ఉందో సెట్టింగ్స్‌లో చూసి, ఎవరికి కబురు వెళ్లాలో పెట్టుకోండి. సరదాకి నొక్కి చూడకండి, నిజంగానే కాల్ వెళ్తుంది.

ఏటీఎం దగ్గర చేయాల్సింది కొంచెమే: కార్డు పెట్టే చోటును ఒకసారి పట్టి కదపండి, ఊడొచ్చేలా ఉంటే వాడకండి. పిన్ కొట్టే చేతిని రెండో చేత్తో కప్పండి. కారులో బయటికి ఏదీ కనబడనివ్వకండి, ఖాళీ బ్యాగు కూడా. బటన్ నొక్కితే స్టార్టయ్యే కార్ల తాళంచెవిని వీధి తలుపు పక్కన తగిలించకండి, దాని సిగ్నల్‌ను బయటినుంచి అందుకుని కారు తెరిచే పరికరాలున్నాయి. సిగ్నల్ బయటికి పోనివ్వని లోహపు పొర ఉన్న పౌచ్ దొరుకుతుంది, అందులో వేయండి.

మెట్టు 6: తెలిసినవాళ్ల విషయం

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తాళంచెవి, వై-ఫై పాస్‌వర్డ్, స్ట్రీమింగ్ ఖాతా, లొకేషన్ షేరింగ్ ఎవరెవరికి ఇచ్చారో ఏడాదికోసారి చూసుకోండి. విడిపోయిన భాగస్వామి, మానేసిన పనివాళ్లు, ఖాళీ చేసిన రూమ్‌మేట్ ఇంకా ఆ జాబితాలో ఉండొచ్చు. మీకు తెలియని ట్రాకర్ (ఎక్కడున్నారో చెప్పే చిన్న పరికరం) ఏదైనా మీతో కదులుతుంటే ఐఫోన్, ఆండ్రాయిడ్ రెండూ హెచ్చరిస్తాయి, ఆ హెచ్చరికను కొట్టిపారేయకండి.

హింసించే మనిషితో ఒకే ఇంట్లో ఉన్నవాళ్లకు ఇక్కడ జాగ్రత్త వేరు. ట్రాకర్ తీసేసినా, పాస్‌వర్డ్ మార్చినా అవతలివాడికి వెంటనే తెలుస్తుంది, కోపం మీ మీదికే వస్తుంది. ముందు అతని చేతికి అందని ఫోన్ నుంచి సహాయ సంస్థతోనో పోలీసులతోనో మాట్లాడి, వాళ్లు చెప్పిన వరుసలో చేయండి.

పిల్లలకు నియమం ఒక్కటి చాలు: "అమ్మానాన్నలకు చెప్పొద్దు" అని పెద్దవాళ్లెవరైనా అంటే, అదే ముందు చెప్పాల్సిన సంగతి.

మెట్టు 7: జరిగిపోయాక మొదటి గంట

ఇంటికొచ్చేసరికి తలుపు పగిలి ఉంటే లోపలికి వెళ్లకండి. దొంగ ఇంకా లోపలే ఉండొచ్చు. బయటే ఉండి పోలీసులకు ఫోన్ చేయండి, వాళ్లు వచ్చేదాకా ఏదీ ముట్టుకోకండి, సర్దకండి.

ఫోన్ పోతే ఇంకొకరి ఫోన్ నుంచి ముందు బ్యాంకుకు, తర్వాత సిమ్ ఆపడానికి నెట్‌వర్క్‌కు ఫోన్ చేయండి. ఆ తర్వాత దూరం నుంచే ఫోన్ లాక్ చేసి, రాసిపెట్టుకున్న ఐఎంఈఐతో ఫిర్యాదు ఇవ్వండి. మ్యాప్‌లో చుక్క కనబడుతోందని ఒంటరిగా ఆ చిరునామాకు వెళ్లకండి. కొన్నాళ్లకు "మీ ఫోన్ దొరికింది, ఈ లింకులో లాగిన్ అవండి" అని మెసేజ్ రావొచ్చు. అది దొంగ దగ్గర్నుంచే. మీ పాస్‌వర్డ్ లేనిదే ఆ ఫోన్‌ను మంచి ధరకు అమ్ముకోలేడు. మీ ఖాతాలోంచి ఆ ఫోన్‌ను తొలగించకండి.

డబ్బు మోసంలో నిమిషాలు లెక్క. డబ్బు ఇంకో ఖాతాకు మారకముందే బ్యాంకుకు తెలిస్తే ఆపే అవకాశం ఉంటుంది, అందుకే సిగ్గుపడి మర్నాటిదాకా ఆగకండి. పోయిన సొమ్ము తిరిగి ఇప్పిస్తామని తర్వాత ఫోన్ చేసేవాళ్లు రెండో మోసగాళ్లు. మోసపోయినవాళ్ల నంబర్లు వాళ్లలో చేతులు మారుతుంటాయి.

చివరిది దొంగతనం జరిగిన ఇంటి సంగతి. 1980ల చివర్లో ఇంగ్లాండ్‌లోని రాచ్‌డేల్ పట్టణంలో కిర్క్‌హోల్ట్ అనే కాలనీలో దొంగతనాలు తగ్గించడానికి జరిగిన పనిలో, ఒకసారి దొంగలు పడ్డ ఇంట్లోనే మళ్లీ పడే అవకాశం ఎక్కువని తేలింది. అందుకని కాలనీ అంతటికీ కాకుండా, ముందు దొంగలు పడ్డ ఇళ్లకే తాళాలు, కిటికీలు గట్టి చేశారు. నాణేలు వేస్తేనే కరెంటో గ్యాసో వచ్చే, డబ్బుతో నిండి దొంగలకు ఎరగా మారిన మీటర్లు తీసేశారు, చుట్టుపక్కల ఇళ్లవాళ్లను ఆ ఇంటి మీద కన్నేసి ఉంచమన్నారు. మూడు నాలుగేళ్లలో ఆ కాలనీలో ఇళ్ల దొంగతనాలు దాదాపు నాలుగో వంతుకు తగ్గాయి. దొంగకు మీ ఇంటి దారి తెలిసింది, ఏ తలుపు బలహీనమో తెలిసింది, పోయిన టీవీ స్థానంలో కొత్తది వస్తుందనీ తెలుసు. కాబట్టి వాడొచ్చిన దారిని ఆరోజే మూయించండి, తాళంచెవులు పోయి ఉంటే రాత్రిలోగా సిలిండర్ మార్పించండి, పక్కిళ్లవాళ్లకు జరిగింది చెప్పి కొన్ని వారాలపాటు మీ గుమ్మం వైపు చూస్తుండమని అడగండి.